బీటలోంచి కనబడిన వంతెన

వీధి మొత్తం ఖాళీ అయిపోయిందని టీవీలో విని, ఆ వీధిలోనే కాపురముంటున్న కళ్ళద్దాల బామ్మర్ది పెట్టె సర్దుకొని, గొడుగు చంకన పెట్టుకొని, అక్కగారింటికి తరలివచ్చాడు. దారిలో ఎదురైన ఇరుగుపొరుగు వారందరినీ పేరుపేరునా పలకరించాడు కూడా. వాళ్ళందరూ ఎదురయ్యారు గనుక వీధి ఖాళీ కాలేదన్న ఆలోచన మాత్రం ఆయనకు ఎక్కడా ఎదురు కాలేదు.

“అక్కా! మీరింకా ఇక్కడే ఉన్నారా? వంతెన పనుల దెబ్బకి జనం కట్టుబట్టలతో పారిపోయారట!”

“ఎవరు చెప్పార్రా?”

“పాశ్చాత్యుల చానెల్లో చెప్పారు. వాళ్ళు ఊరికే చెప్పరు.”

“మరి నువ్వెక్కడికి పారిపోతున్నావు?”

“ఇక్కడికే.”

“మా ఇల్లు మీ ఇంటికంటే ఏటికి దగ్గర. అంటే ప్రమాదానికి ఎదురొచ్చి మరీ తలదాచుకుంటున్నావన్నమాట. సరే, లోపలికి రా. ఆ గొడుగు గుమ్మం బయట పెట్టు.”

కళ్ళద్దాల దుకాణం పెట్టి ఊళ్ళో సగంమందికి చూపు సరిచేసిన మనిషి ఆయన. తన కళ్ళముందున్నది తప్ప తక్కినదంతా ఆయనకు స్పష్టంగా కనిపిస్తుంది.

హాల్లో పడకకుర్చీలో పడుకొని ఉన్న బావగారు ఈ మాటలు విని పకపకా నవ్వారు. నవ్వారో లేదో చెప్పడం ఆ రోజుల్లో కొంచెం కష్టం. ముందురోజే ఆయనకు కొత్త పళ్ళసెట్టు బిగించారు. అది పెదవులను దగ్గరకు రానివ్వడం లేదు. దాంతో ఆయన మొహాన చిరునవ్వు శాశ్వతంగా స్థిరపడింది. కోపమొచ్చినా నవ్వే, ఆకలేసినా నవ్వే.

ఆయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వీధిలో అందరూ తూకాలాయన అంటారు. సర్వీసులో ఉండగా ఆయన బజారులో అడుగుపెడితే తక్కెళ్ళు వాటంతటవే సరిగ్గా నిలబడేవని చెప్పుకుంటారు. రిటైరయ్యాక పరీక్షించడానికి తక్కెళ్ళు దొరకక, ప్రపంచాన్నే పరీక్షించడం మొదలుపెట్టారు. ఆ పరీక్షంతా పడకకుర్చీలోనే, చైనావాళ్ళ చానెల్ ముందే జరుగుతుంది.

“ఒరేయ్, వెర్రివాడా! వీధి ఖాళీ అవడమేమిట్రా? ఒక్క ఇల్లు కూడా అదరలేదని మా చానెల్లో నిన్న చెప్పారు. వంతెన కడుతున్నది వాళ్ళ కంపెనీయే. వాళ్ళకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?”

“అందుకే చెప్పరు బావా! తెలుసు కనకే చెప్పరు!”

“మీవాళ్ళకి తెలీదు కనకే చెబుతారు!”

వంటగదిలోంచి ఇల్లాలి గొంతు వినిపించింది. “అదరలేదా? అయితే ఈ గోడకి బీట ఎవరు పెట్టారండీ, నేనా?”

ఆ గొంతు గురించి ఒక మాట చెప్పాలి. ఇల్లాలు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా జీవితమంతా పనిచేసిన మనిషి. ఎంత పెద్దవాణ్ణయినా “లైన్లో ఉండండి” అని నిలబెట్టగలదు. ఇప్పుడు వీధి మొత్తానికి ఆమె అక్కయ్యగారు. ఏటిలో ఇనుప స్తంభాలు దిగగొట్టిన నెలల్లో వీధిలోని ఇళ్ళన్నీ గిన్నెల అలమర్లలా గలగలలాడాయి. చాలా గోడలు నెర్రెలిచ్చాయి. వారి వంటగదిలో అంట్లు తోమే తొట్టి వెనక గోడకు పడిన బీట మరీ పెద్దది. ఆ గోడ ఏ వానకు కూలుతుందో తెలియని స్థితి. కంపెనీ ఇంజనీరు శుక్రవారం వచ్చి ఇళ్ళు చూస్తాడని, దెబ్బతిన్న గోడలను కంపెనీయే కట్టించి ఇస్తుందని అక్కయ్యగారు వీధివాళ్ళందరినీ కూడగట్టి, పట్టువదలక వెంటపడి, కంపెనీవాళ్ళచేత మాట ఇప్పించుకొని వచ్చింది. ఎవరి గోడ సంగతి వాళ్ళు ముందుగా కంపెనీ సైటాఫీసులో చెప్పుకోవాలి.

“సైటాఫీసుకెళ్ళి మన గోడ సంగతి చెప్పి రమ్మన్నాను. చెప్పారా?”

“చెప్పాను.”

“ఏమన్నారు?”

“శ్రద్ధగా విన్నారు.”

జరిగింది వేరు. తూకాలాయన సైటాఫీసు గేటుదాకా వెళ్ళిన మాట వాస్తవం. అక్కడ కాపలావాడి గదిలో టీవీ ఉంది. అందులో ఆయన చానెలే వస్తోంది. “వంతెన పనులవల్ల ఒక్క ఇంటికీ నష్టం లేదు” అని ఆ చానెల్ చెబుతుండగా విని, లేని నష్టం గురించి లోపలికి వెళ్ళి చెప్పడం మర్యాద కాదని తలచి ఆయన వెనుదిరిగారు. బీట ఇల్లు కట్టినప్పటిదే అయి ఉంటుందని దారిలో తీర్మానించుకున్నారు. ఇల్లాలికి చెప్పేటప్పుడు ఇంత వివరం అనవసరమనిపించి క్లుప్తంగా చెప్పారు.

బావాబామ్మర్దుల వాదన భోజనాలదాకా సాగింది. భోజనాల దగ్గర పందెంగా మారింది. ఎవరి చానెల్ అబద్ధాలదని తేలితే వారు పడకకుర్చీనీ రిమోట్‌నూ రెండోవారికి అప్పగించాలి. అంతేకాక, వీధి మధ్యన నిలబడి, “ఇన్నాళ్ళూ నేను అబద్ధాల చానెల్‌ను నమ్మాను” అని అందరూ వినేలా చెప్పాలి.

“తేల్చేదెవరు బావా?”

“తక్కెడని అనుమానించినప్పుడు దాంతో వాదించకూడదురా. ప్రామాణికమైన రాయి ఒకటి పెట్టి చూడాలి. ఒకే రాయి రెండు తక్కెళ్ళలో పెడితే, ఏది తప్పు చూపిస్తుందో అదే దొంగది.”

“రాయి ఎక్కడుంది?”

తూకాలాయన గుండెమీద చెయ్యి వేసుకున్నారు. “ఇదిగో.”

వంతెన చివరి భాగాన్ని కలిపే ఘట్టాన్ని చూపడానికి రెండు చానెళ్ళవాళ్ళూ అప్పటికే ఊళ్ళో దిగారు. మాట్లాడే మనిషి కోసం వీధుల్లో తిరుగుతున్నారు. వాళ్ళను విడివిడిగా ఇంటికి పిలవాలి. ఇద్దరికీ ఒకే మాట చెప్పాలి, ఒకే గదులు చూపాలి. వరండాలోంచి కనబడే వంతెన అందం, వంటగదిలోని బీట. రెండూ సమానంగా, ఒక గ్రాము తేడా లేకుండా. ఇదీ పథకం.

“అక్కకి చెబుదామా?”

“వద్దు. రాయి తూచేటప్పుడు ఫ్యానుకూడా కట్టేస్తాం. గాలి తగిలితే ముల్లు కదులుతుంది. మీ అక్క ఉన్నచోట గాలిదుమారమే.”

మర్నాడు బామ్మర్ది అక్కగారిని దుకాణానికి తీసుకెళ్ళి కళ్ళు పరీక్షించాలని పట్టుబట్టాడు. అక్కయ్యగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

“ఇన్నేళ్ళలో లేనిది ఇవాళ నా కళ్ళమీద నీకింత ప్రేమ పుట్టుకొచ్చిందేమిట్రా?”

“వయసు మీదపడుతోంది అక్కా.”

“ఎవరికి?”

బామ్మర్ది గొడుగు అందుకున్నాడు. ఆమె కూడా, అక్షరాలు మసకేస్తున్నది నిజమే గనుక, చెప్పులేసుకుంది. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగింది. “ఏవండీ, ఆ బుట్టలో ఉల్లిపాయలన్నీ తరిగి ఉంచండి. చెప్పాను, చేశాను అని కాదు. వచ్చేసరికి తరిగి ఉండాలి.”

చైనా చానెల్ అమ్మాయి పొద్దున్నే వచ్చింది. మన భాష ఎంత శుద్ధంగా నేర్చుకున్నదంటే, ఆమె మాట్లాడుతుంటే తూకాలాయన తెలియకుండానే కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

“అయ్యా, తమరి అభిప్రాయం సెలవివ్వండి.”

తూకాలాయన బట్టీపట్టిన మాటలు ఒప్పజెప్పారు. వరండాలో నిలబడి, వంతెన చాలా బాగుందనీ, అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి ఇకమీద పడవకోసం కాచుకోనక్కర్లేదనీ అన్నారు. వంటగదిలోకి తీసుకెళ్ళి, గోడ మాత్రం ఇలా బీటలిచ్చిందనీ, దీన్ని బాగుచెయ్యాలనీ అన్నారు.

“తమరు చాలా సంతోషంగా ఉన్నారు” అంది ఆ అమ్మాయి.

“పళ్ళు కొత్తవమ్మా.”

“వంతెన కూడా కొత్తదే కదండీ” అని ఆమె వినయంగా వంగి సెలవు తీసుకుంది.

పాశ్చాత్య చానెల్‌వాడు సాయంత్రం రావలసినవాడు మధ్యాహ్నమే వచ్చి పడ్డాడు. ఆరడుగుల పైన మనిషి. వెంట ఒక దుబాసీ. అప్పటికి తూకాలాయన వంటగదిలో ఉల్లిపాయల గుట్ట ముందు కూలబడి, సగం తరిగి, ధారాపాతంగా కన్నీరు కారుస్తున్నారు.

కెమెరా నేరుగా ఆయన మొహంమీద వాలింది. చేతిగుడ్డ కోసం తడుముకుంటుంటే పొడుగువాడు ఆయన భుజంమీద చెయ్యివేసి ఆపాడు.

“తుడుచుకోవద్దంటున్నారండీ” అన్నాడు దుబాసీ. “బాధని దాచుకోనక్కర్లేదంటున్నారు.”

“బాధ కాదు బాబూ, ఉల్లిపాయలు!”

దుబాసీ ఏదో చెప్పాడు. పొడుగువాడు గంభీరంగా తలపంకించాడు.

“బతుకు ఉల్లిపాయలు తరుక్కునే స్థితికొచ్చిందా అని అడుగుతున్నారండీ.”

ఇల్లాలు చెప్పింది గనక తరుగుతున్నానని చెప్పుకోవడానికి తూకాలాయనకు మొహమాటమేసింది. అందుకని ఆ సంగతి వదిలేసి, పొద్దున చెప్పిన మాటలే పొల్లుపోకుండా చెప్పారు. ముందు బీట చూపారు. తరవాత పట్టుబట్టి వరండాలోకి తీసుకెళ్ళి వంతెన చూపారు. వాళ్ళు మర్యాదకు రెండు నిమిషాలు చూశారు.

“రాయి రెండు చోట్లా పెట్టేశానురా!” అని ఆయన బామ్మర్దికి ఫోన్ చేశారు. ఆ సంబరంలో తక్కిన ఉల్లిపాయల మాట మరిచారు.

సాయంత్రం వార్తల వేళకు వీధి సగం వాళ్ళ హాల్లో ఉంది. బామ్మర్ది ప్రచారం అలాంటిది. పక్కింటి దర్జీ కుటుంబంతో సహా వచ్చి ముందువరసలో కూర్చున్నాడు. ఆయన ఇంట్లో రెండు గోడలు నెర్రెలిచ్చాయి. ఎదురింటి క్రేను డ్రైవరు వెనక నిలబడ్డాడు. అతనికి వంతెనమీదే ఉద్యోగం. సంగతేమిటో తెలియని అక్కయ్యగారు కొత్త కళ్ళద్దాలు పెట్టుకొని, తలుపు దగ్గర చేతులు కట్టుకొని నిలబడింది.

మొదట చైనా చానెల్. వరండా కనబడింది. వంతెన కనబడింది. చెవులదాకా నవ్వుతో తూకాలాయన కనబడ్డారు. “వంతెన చాలా బాగుంది.” అంతే. వంటగది లేదు, బీట లేదు. “తన ఇంటినుంచి వంతెనను చూస్తూ మురిసిపోతున్న విశ్రాంత అధికారి. మాటల్లో చెప్పలేని ఆనందం ఆయన చిరునవ్వులో ఉంది” అన్నది వ్యాఖ్యానం.

దర్జీ కుర్చీలోంచి లేచాడు. “చాలా బాగుందా బాబాయిగారూ? మా గోడలు పడిపోతుంటే మీకు మురిపెంగా ఉందా?”

“ఆగవయ్యా! నేను రెండోసగం కూడా చెప్పాను!”

ఈలోగా బామ్మర్ది చానెల్ మార్చాడు. వంటగది కనబడింది. బీట కనబడింది. వెనకనుంచి ఏదో విషాదసంగీతం మొదలైంది. కన్నీరు మున్నీరుగా తూకాలాయన కనబడ్డారు. “గోడ ఇలా బీటలిచ్చింది.” అంతే. వరండా లేదు, వంతెన లేదు. “ఒక వంతెన ఛిద్రం చేసిన జీవితం. పళ్ళు బిగబట్టి దుఃఖాన్ని దిగమింగుతున్న వృద్ధుడు” అన్నది వ్యాఖ్యానం.

ఈసారి క్రేను డ్రైవరు ముందుకొచ్చాడు. “అంతగా ఏడవడానికి ఏం చేశామండీ మేం? పనాగిపోతే మా ఇంట్లో పొయ్యి మీరు వెలిగిస్తారా?”

“చూశావా, మీవాళ్ళు వంతెన మింగేశారు!” అన్నారు తూకాలాయన.

“మీవాళ్ళు వంటగది మింగలేదా?” అన్నాడు బామ్మర్ది.

గెలిచామని ఇద్దరూ ఒకేసారి రిమోట్ మీదకు చెయ్యిచాచారు. ఫోన్ మోగింది. మొదటి ఫోన్‌లో వియ్యంకుడు శుభాకాంక్షలు చెప్పాడు. రెండో ఫోన్‌లో కూతురు, “అమ్మకేమైంది? నాన్న ఎందుకలా ఏడుస్తున్నాడు?” అని తనే ఏడ్చింది. మూడోది సైటాఫీసునుంచి. అది అక్కయ్యగారు అందుకుంది. విన్నది. “చిత్తం” అని పెట్టేసింది.

ఆమె ‘చిత్తం’ అన్నదంటే ఎవరికో మూడినట్టేనని వీధికంతటికీ తెలుసు.

“శుక్రవారం ఇంజనీరు రావడం లేదు” అంది. “మన వీధివాళ్ళు సంతోషంగానే ఉన్నారని టీవీలో చూశారట. మరి ఆ రెండో చానెల్ సంగతేమిటని అడిగితే, అదంతా నాటకమన్నారు. ఏడుస్తున్నాయన చేతికింద ఉల్లిపాయలు వాళ్ళకి కనబడ్డాయట. ఉల్లిపాయలు పెట్టి ఏడ్చినవాళ్ళు, బీట కూడా గీసి పెట్టుకొని ఉంటారన్నారు.”

దర్జీ భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుకు కాదు. వాళ్ళ పిల్లలు పడుకునేది ఆ నెర్రెలిచ్చిన గోడ పక్కనే.

ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ఎవరూ వెళ్ళొస్తామని చెప్పలేదు. తూకాలాయన మొహాన చిరునవ్వు మాత్రం అలాగే ఉంది. అదొక్కటే ఆ గదిలో ఎవరూ భరించలేనిది.

“ఏవండీ, ఆ పళ్ళు తీసి పక్కన పెట్టి చెప్పండి. ఎవరి ఆలోచన ఇది?”

“తక్కెళ్ళు పరీక్షిద్దామని…”

“తేలిందా?”

“రెండూ దొంగవే. చెరో సగం కొట్టేశాయి.”

“ఆ ముక్క తెలుసుకోడానికి వీధిలో గోడలన్నీ పందెం కాశారా? మీ సర్వీసులో దొంగతక్కెడ దొరికితే ఏం చేసేవారు?”

“సీలు వేసేవాణ్ణి.”

“ఇప్పుడేం చేస్తారు?”

తూకాలాయన బామ్మర్దివైపు చూశారు. బామ్మర్ది తన పెట్టెవైపు చూశాడు.

“అదేరా, పారిపోదామనే! మళ్ళీ ఎక్కడికి, మీ ఇంటికేనా? ఇద్దరూ కూర్చోండి. మిగతా ఉల్లిపాయలు తరగండి. ఇంజనీరు వచ్చి తీరతాడు. గోడ కట్టించి తీరతాడు. రెండు తక్కెళ్ళూ దొంగవైతే వాటిని విడివిడిగా చూడకూడదు. నేనుద్యోగం చేసినన్నాళ్ళూ చేసింది ఒక్కటే పని. ఇద్దర్ని ఒకే లైన్లోకి తేవడం.”

ఆమె ఫోన్ ముందు కుర్చీ వేసుకొని, వెన్ను నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుంది. ఆ గొంతు విని తమ్ముడి చేతిలోని కత్తి ఆగిపోయింది.

“చైనా చానెల్ అమ్మాయేనా? నేను పొద్దున మీరు చూసి కూడా చూపించని వంటగది యజమానురాలిని మాట్లాడుతున్నాను. రేపు పదిగంటలకి మా వంటగది తలుపు తీస్తాను. నేరుగా ప్రసారం చేస్తేనే రావాలి, కోసి అతికించే పనైతే వద్దు. రెండో చానెల్‌ని కూడా పిలుస్తున్నాను.”

“పైవారిని అడగవలెనమ్మా.”

“అడగండి. కంపెనీకీ కబురందించమనండి. కంపెనీ ఇంజనీరుగారు కూడా వస్తే, ఆయన వచ్చారని వాళ్ళు చూపిస్తారు. రాకపోతే, రాలేదని చూపిస్తారు. మీరు అక్కడుంటే మీ మాట మీరు చెప్పుకోవచ్చు. లేకపోతే వాళ్ళ మాటే మిగులుతుంది.”

“వచ్చుటకు ప్రయత్నిస్తామమ్మా.”

“ప్రయత్నం వద్దు. రండి.”

రెండో ఫోన్‌లో దుబాసీ దొరికాడు. “ఆ కథ అయిపోయిందమ్మా, మా సార్ రేపు వేరే ఊరు వెళుతున్నారు.”

“వెళ్ళమనండి. కానీ ఆ కథలో ఉల్లిపాయలున్నాయి. వాటి సంగతి రేపు పదింటికి మా వంటగదిలోంచి ప్రపంచానికి చెబుతాను. పక్కన చైనావాళ్ళ కెమెరా ఉంటుంది. మీ సార్ తనే చెప్పుకుంటారా, వాళ్ళచేత చెప్పించుకుంటారా?”

దుబాసీ ఈసారి అనువాదంలో ఏమీ వదిలిపెట్టినట్టు లేదు. “వస్తారట” అన్నాడు వెంటనే.

మర్నాడు పదిగంటలకు ఆ వంటగదిలో అడుగుపెట్టడానికి చోటు లేదు. రెండు కెమెరాలు, చైనా అమ్మాయి, పొడుగువాడు, దుబాసీ, కంపెనీ ఇంజనీరు. గుమ్మంలో దర్జీ కుటుంబం. వాళ్ళ వెనక, డ్యూటీ మానుకొని వచ్చిన క్రేను డ్రైవరు. తూకాలాయనను గ్యాసుబండ పక్కన నిలబెట్టి, పిలిస్తే తప్ప పలకవద్దని ఆజ్ఞాపించారు.

పొడుగువాడు మొదలుపెడుతూనే, నిన్నటి కన్నీళ్ళకు ఉల్లిపాయలు కూడా కారణమని తమ దృష్టికి వచ్చినట్టు గొణిగాడు.

“‘కూడా’ తీసెయ్యమనండి” అంది అక్కయ్యగారు.

తీసేశాడు. చైనా అమ్మాయి మాత్రం తమ నిన్నటి వార్తను గురించి ఏమీ అనలేదు. అడిగితే, తాము చెప్పిన ప్రతి మాటా ఆయన నోట వచ్చినదేనన్నది.

“నిజమే తల్లీ. ఆయన నోట వచ్చిన ప్రతి మాటా నువ్వు చెప్పలేదన్నదే నా తగాదా.”

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, వంతెన ఎంత గొప్పదో ముందు వరండాలోంచి చూద్దాం.”

“వద్దు, ముందు బీట చూద్దాం” అన్నాడు పొడుగువాడు.

“ఎవరూ కదలొద్దు. రెండూ ఇక్కణ్ణించే కనబడతాయి” అని అక్కయ్యగారు తొట్టి పక్కకు జరిగి, గోడకు ఆనించి ఉన్న పళ్ళెం తీసింది.

బీట గోడను దాటిపోయింది. తొట్టి పైన, సరిగ్గా కంటి ఎత్తున, అరచెయ్యి దూరేంత సందు. ఆ సందులోంచి ఏరు మెరుస్తోంది. ఏటిమీద, పొద్దుటెండలో, ఈ చివరనుంచి ఆ చివరదాకా కొత్త వంతెన నిలబడి ఉంది. రోజూ అంట్లు తోముకుంటూ ఆమె చూస్తున్న దృశ్యమే అది.

“చూపించండి బాబూ ఇద్దరూ. వంతెన కావాలంటే బీటలోంచి చూపించాలి. బీట కావాలంటే వంతెనతో సహా చూపించాలి. వంతెన మంచిదే. నా మోకాళ్ళకి మందు ఆ ఒడ్డునుంచే రావాలి. అంతమాత్రాన ఈ పిల్లలు గోడకింద పడి చావక్కర్లేదు. ఎక్కడ కోస్తారో కోసుకోండి.”

రెండు కెమెరాలూ ఒకే సందులోంచి చూశాయి. ఒకటి తిప్పుకుంటే రెండోది చూపిస్తుందని రెండిటికీ తెలుసు. ఇంజనీరుకు ఇక వేరే దారిలేక తనూ వంగి బీటకు కన్ను ఆనించాడు. కెవ్వుమని వెనక్కి గెంతాడు.

“లోపల కన్నుంది!”

అవతల గోడ బయట, తను కూడా టీవీలో కనబడాలన్న ఆశతో, కళ్ళద్దాల బామ్మర్ది బీటకు మొహం ఆనించి ఉన్నాడు. ఆ కన్ను రెండు చానెళ్ళలోనూ ప్రపంచమంతటా కనబడింది.

“కన్నుపట్టేంత బీటని గీసి పెట్టలేం కదండీ” అంది అక్కయ్యగారు శాంతంగా.

ఇంజనీరు చెమట తుడుచుకున్నాడు. వీధిలో దెబ్బతిన్న ప్రతి గోడనూ సోమవారంనుంచే కట్టిస్తామని రెండు కెమెరాలవైపూ తిరిగి రెండుసార్లు చెప్పాడు. దర్జీ భార్య ఈసారి నిజంగానే ఏడ్చింది. అక్కడ ఉల్లిపాయలు లేవు.

ఆ శుభసమయంలో ఇంజనీరు ఊరుకొని ఉంటే సరిపోయేది. తన ఆఫీసు పరువు కాస్త నిలబెట్టుకుందామనుకున్నాడు.

“కానీ అమ్మా, ఒక్క మాట. ఈ వీధిలో అందరూ మా ఆఫీసుకొచ్చి చెప్పుకున్నారు. మీ ఇంటి గోడ సంగతి చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు. ముందే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా?”

“మావారు వచ్చారు. మీరు శ్రద్ధగా విన్నారు కూడా.”

“రాలేదమ్మా. ఆయన్ని చూశాక గుర్తొచ్చింది. గేటుదాకా వచ్చారు. కాపలావాడి గదిలో కాసేపు టీవీ చూసి వెళ్ళిపోయారు.”

రెండు కెమెరాలు గ్యాసుబండవైపు తిరిగాయి. అక్కడ తూకాలాయన చెవులదాకా నవ్వుతూ నిలబడి ఉన్నారు.

సాయంత్రం వార్తలకు వీధంతా మళ్ళీ ఆ హాల్లో చేరింది. ఈసారి పడకకుర్చీలో అక్కయ్యగారు కూర్చుంది. రిమోట్ ఆమె ఒళ్ళో ఉంది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

బీటలోంచి వంతెన రెండింటిలోనూ వచ్చింది. ప్రజల కష్టం వినగానే కంపెనీ పరుగున వచ్చి ఆదుకున్నదని చైనా చానెల్ చెప్పింది. తమ కథనానికి కంపెనీ దిగివచ్చిందని పాశ్చాత్య చానెల్ చెప్పింది. పిలిచినావిడ ఊసు రెండింటిలోనూ లేదు. ఒక్క వార్త మాత్రం రెండు చానెళ్ళూ అక్షరం తేడా లేకుండా చెప్పాయి: ఆ ఇంటి యజమాని ఆఫీసు గేటుదాకా వెళ్ళి, టీవీ చూసి, చెప్పకుండానే తిరిగొచ్చాడని.

“మరి పందెం ఎవరు గెలిచినట్టు అక్కా?” అన్నాడు బామ్మర్ది ఆశ చావక.

“వంతెన కట్టినవాళ్ళే నడిపే చానెల్ వంతెనకింద ఏముందో చెప్పదు. చెప్పనివ్వరు కూడా. కన్నీళ్ళ కోసం తిరిగే చానెల్ నవ్వుని చూపించదు. రెండోవాళ్ళు తప్పు పట్టుకుంటే కనీసం గొణిగారు. అందుకు వాళ్ళకో మార్కు ఎక్కువ. ఆ మార్కు కూడా నేను పట్టుకున్నాక వచ్చిందే కనక నాకే చెందుతుంది. ఏవండీ…”

“ఆఁ.”

“ఏ విషయంలోనూ పొంతన లేని రెండు చానెళ్ళు ఒకే మాట చెప్పాయంటే ఏమిటర్థం?”

“నిజమే… అయ్యుండాలి.”

“అయితే లేవండి. వీధి మధ్యలోకెళ్ళి చెప్పాల్సింది చెప్పండి. ఒరేయ్, నువ్వు కూడా. చానెల్ మాట విని నీ సొంతింటినుంచి పారిపోయొచ్చిన మొనగాడివి.”

“ఏం చెప్పాలి? ఇన్నాళ్ళూ అబద్ధాల చానెల్‌ని నమ్మానని…”

“మీరు చూసిన చానెల్ సంగతి కాదు. మీరు ఈ ఇంట్లో నడుపుతున్న చానెల్ సంగతి చెప్పండి.”

తూకాలాయన వీధి మధ్యకు నడిచారు. వెనకే గొడుగుతో బామ్మర్ది. దర్జీ, క్రేను డ్రైవరు, పిల్లాజెల్లా అరుగులమీద సర్దుకున్నారు. తూకాలాయన గొంతు సవరించుకున్నారు.

“అయ్యా, అమ్మా! గోడ సంగతి చెప్పడానికి నేను సైటాఫీసుకి వెళ్ళిన మాట నిజం. అందరికీ నమస్కారం” అని గబగబా ఇంటివైపు తిరిగారు.

కిటికీలోంచి ఎక్స్ఛేంజీ గొంతు వినిపించింది.

“లైన్లో ఉండండి. రెండోసగం ఎవరు చెబుతారు?”

ఆయన ఆగారు. మళ్ళీ వీధివైపు తిరిగారు. రెండోసగం కూడా చెప్పారు.